రేకు కింది చోటు

ముకుందకు మనసు నిలవడం లేదు.

ఆశ్రమానికి వచ్చి పదకొండు నెలలైంది. తెల్లవారకముందే లేస్తాడు, చన్నీళ్లు పోసుకుంటాడు, అందరికంటే ముందు వెళ్లి ధ్యానానికి కూర్చుంటాడు. కూర్చున్న కాసేపటికే లోపల ఏదో సలపడం మొదలవుతుంది. అరికాల్లో విరిగిన ముల్లు కంటికి కనపడదు, అడుగు వేస్తే మాత్రం తెలుస్తుంది చూడండి, అలాగన్నమాట.

దీక్ష ఇమ్మని స్వామిని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆయన "చూద్దాం" అన్నారు. స్వామి చూద్దాం అన్నారంటే ఇప్పట్లో లేదని అర్థం. ఆ సంగతి ఆశ్రమంలో వంట చేసే ఆవిడకు కూడా తెలుసు.

స్వామి పేరు గంభీరానంద. పేరులో ఉన్నంత గాంభీర్యం మనిషిలో లేదు. నాగావళి ఒడ్డున ఆ చిన్న ఆశ్రమం పెట్టక మునుపు బొబ్బిలిలో రేడియోలు బాగుచేసుకుని బతికేవారు. సన్యాసం తీసుకున్నప్పుడు ఇల్లూ వాకిలీ వదిలేశారు, పుట్టినప్పుడు పెట్టిన పేరు కూడా వదిలేశారు, స్క్రూడ్రైవర్ల పెట్టె మాత్రం వెంట తెచ్చుకున్నారు. అందుకే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దర్శనానికి కొబ్బరికాయతో పాటు మిక్సీనో ఫ్యానునో కూడా పట్టుకొస్తారు. వెనకాల రేడియో స్వామి అంటారు. ఎదురుగా అన్నా ఆయనేమీ అనుకోరు.

ఒక మధ్యాహ్నం ఆయన వరండాలో టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నారు. ముకుంద వెళ్లి ఎదురుగా కూలబడ్డాడు. ఇక దాచుకోవడానికి ఏమీ లేదనుకుని, ఊహ తెలిసినప్పటి నుంచీ తన బతుకంతా చెప్పుకొచ్చాడు. ఒకరి సొమ్ము ముట్టలేదు. తాగలేదు. విడిపోయిన భార్య కూడా తనను పల్లెత్తు మాట అనలేదు. ఉద్యోగంలోనూ మచ్చ లేదు. మరి ఈ సలుపు ఎక్కణ్ణుంచి వస్తోందో తనకు అంతుపట్టడం లేదన్నాడు.

ఉద్యోగం మాట వచ్చేసరికి అతని వెన్ను కాస్త నిటారైంది. పాపం, తనకు తెలియకుండానే. బెంగళూరులో ఒక పెద్ద ల్యాప్‌టాప్ కంపెనీలో ఏ మోడల్లో ఏముండాలి, ఏముండకూడదు, ఏది ఎంతకు అమ్మాలి అని తేల్చేది అతనే. ఆ విద్యలో అతని పేరు చెప్పుకునేవారు.

ప్రతి ఏడాదీ మూడు మోడళ్లు పక్కపక్కన పెడతారట. చిన్నది, మధ్యది, పెద్దది. కంపెనీకి కావలసిందల్లా మధ్యది అమ్ముడుపోవడం. కొనేవాడేమో చిన్నదాని ధర చూసి షాపులోకి వస్తాడు. అందుకని చిన్నదానిలో అన్నీ పెట్టి, ఒక్కటి మాత్రం తక్కువ చేస్తారు. ఏది తక్కువైతే మనిషికి చిరాకు పుడుతుందో సరిగ్గా అది. అతను ఆఖరుగా చేసిన ఏడు అది మెమరీ. అది చాలకపోతే రెండు మూడు పనులు ఒకేసారి పెట్టగానే మిషను నిలబడిపోతుంది. ఇంకో ఆరు వేలు వేసుకుంటే ఆ బాధే ఉండదు కదా అని కొనేవాడు తనంతట తనే అనుకోవాలి, షాపువాడు అనకూడదు. ఇక పెద్దదాని ధర ఆకాశంలో పెడతారు. దాని పక్కన మధ్యదాన్ని కొన్నవాడు, తాను మహా పొదుపరినని మురిసిపోతూ ఇంటికెళతాడు.

చిన్నదానికి ఆఫీసులో ఒక ముద్దుపేరు ఉండేదని కూడా చెప్పాడు ముకుంద. దిష్టిబొమ్మ. చెప్పి నవ్వబోయి, స్వామి నవ్వకపోవడంతో ఆగిపోయాడు.

"ఎవరినీ మోసం చేయలేదు స్వామీ. పెట్టె మీద ఏం రాశామో పెట్టెలో అదే ఉండేది."

స్వామి ఫ్యాను రెక్కను పాత పంచెగుడ్డతో తుడుస్తున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"ఆ చిన్నది ఎవరి కోసం చేశారు?"

"ఎవరి కోసమూ కాదు స్వామీ. అది చూపించడానికి. అమ్మాలని కాదు."

స్వామి రెక్క బిగించి ప్లగ్గు పెట్టారు. ఫ్యాను తిరిగింది. ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. ముకుందకు ఒళ్లు మండింది. అడిగినదానికి జవాబు చెప్పకపోగా ఆయన ఫ్యానుతో మాట్లాడినంత కూడా తనతో మాట్లాడలేదనుకున్నాడు.

తరువాత వచ్చిన గురువారం నాడు గౌరమ్మ వచ్చింది.

గౌరమ్మ పక్క ఊరి అంగన్‌వాడీ టీచరు. ఏడాదిగా ఆశ్రమం వైపు రాలేదు. అంతకుముందు ప్రతి గురువారం వచ్చేది. సంచిలోంచి తువ్వాలులో చుట్టిన వస్తువు తీసి స్వామి ముందు పెట్టింది. విప్పితే ల్యాప్‌టాప్. మీద కంపెనీవాళ్లు అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర కూడా పూర్తిగా పీకలేదు, అంత భద్రంగా వాడింది. ఆశ్రమానికి ఇచ్చేస్తున్నాను, చదువుకున్నవాళ్లు ఎవరైనా వాడుకుంటారు అంది.

సంగతేమిటని స్వామి అడిగారు. ఆమె చెప్పడానికి మొహమాటపడింది. చివరికి మెల్లిగా అంతా బయటికి వచ్చింది. అంగన్‌వాడీల మీద సూపర్‌వైజరు కావాలన్నది ఆమె పదిహేనేళ్ల కోరిక. దానికి డిగ్రీ కావాలి, నలభై అయిదు నిండేలోపు కావాలి. ఇంటి దగ్గర నుంచే చదివే డిగ్రీలో చేరింది. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన చేత్తో పుస్తకం పట్టింది. పిల్లల్ని నిద్రపుచ్చే వేళలో అంగన్‌వాడీ గుమ్మంలో కూర్చుని చదివింది. ఆఖరి పరీక్ష కంప్యూటర్లోనే, దాని కోసమే ఇది కొంది. తన మొహం కెమెరాలో కనపడుతుండాలి, ఆ పక్కన ప్రశ్నలు రావాలి, జవాబులు అక్కడే రాయాలి. ఏడో ప్రశ్న దగ్గర తెర కదలకుండా నిలబడిపోయింది. ఆమె ఏదో నొక్కింది, మళ్లీ నొక్కింది. తెర కదిలేసరికి టైము అయిపోయింది. రెండోసారి ఫీజు కట్టి రాసింది. రెండోసారీ అంతే.

"మిషను మంచిదే సామీ. పెద్ద కంపెనీది. నా బుర్రే బాగోనేదు. ఏది ఎప్పుడు నొక్కాలో నాకు తెలీనేదు. ఈ వయసులో నాకెందుకు సదువు అని మా ఆయన అన్నాడు. నిజమే అన్నాడు."

ఆమె ఏడవలేదు. ఎప్పుడో ఏడ్చేసి సర్దుకున్న మనిషిలా మామూలుగా చెప్పింది.

ముకుంద స్తంభం పక్కన నిలబడి అంతా విన్నాడు. తువ్వాలు విప్పినప్పుడే గుర్తుపట్టాడు, తమ దిష్టిబొమ్మే. మూత మూలన ఉండే ఆ బూడిదరంగు గీత కూడా అతను ఎంచిందే. ధర తక్కువదని దూరం నుంచే తెలియాలని పెట్టించిన గీత అది.

స్వామి అతన్ని దగ్గరికి పిలిచారు. "నీకు తెలిసిన విద్య కదా. దీనికి ఏం చేయచ్చు?"

"మెమరీ చాలదు స్వామీ. కానీ ఈ మోడల్లో మెమరీ పెంచడానికి వీలు లేదు."

అన్నాక గానీ ముకుందకు తెలియలేదు తానేం అన్నాడో. ఆ వాక్యం తను రాసిందే. పెట్టె అడుగున చిన్న అక్షరాలతో అచ్చు వేయించింది. ఆశ్రమంలో పదకొండు నెలలు ఓంకారం చెప్పిన నోటికి, అడగ్గానే అదే వచ్చింది.

స్వామి అలాగా అన్నారు. ల్యాప్‌టాప్‌ను బోర్లించి అడుగు మూత విప్పడం మొదలుపెట్టారు. ఏ వస్తువు విప్పినా ఆయనకు ఒక అలవాటు. స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కో భాగాన్నీ తాకి, ఇది చేసే పనేమిటి అని అడుగుతారు. తెలియంది తెలుసుకుంటే గానీ ముందుకు పోరు. ఇది చల్లబరిచే ఫ్యాను అన్నాడు ముకుంద. ఇది బ్యాటరీ. ఇది అన్నీ దాచుకునే చోటు. మొన కదిలి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఒక నల్ల రేకు మీద ఆగింది.

"ఇదేం చేస్తుంది?"

ముకుందకు ఆ రేకు తెలుసు.

రెండేళ్ల కిందటి మీటింగు కళ్లకు కట్టింది. మూడు మోడళ్లకు మూడు రకాల బోర్డులు చేయడం దండగని అన్నిటికీ ఒకే బోర్డు వేశారు. దాంతో చిన్నదాంట్లో కూడా ఇంకో మెమరీ ముక్క పెట్టుకునే చోటు వచ్చేసింది. ఉన్నదాన్ని ఉండనిద్దాం, ఖర్చు లేదుగా అన్నాడు ఒక ఇంజనీరు. తెరిచి ఉంచితే మధ్యదాన్ని ఎవడు కొంటాడని ముకుంద అడిగాడు. గదిలో అందరూ బల్లలు చరిచారు. రేకు చేయించారు. గట్టి జిగురుతో అతికించారు. రేకుకీ జిగురుకీ అయిన ఖర్చుతో, అన్నిటికంటే తక్కువ ధరకు ఇవ్వాల్సిన మోడల్ తయారీకి ఆ కాస్త ఎక్కువ పట్టింది. ఆ కాగితం మీద కింద ఉన్న సంతకం అతనిదే.

"ఏ పనీ చేయదు స్వామీ," అన్నాడు.

స్వామి స్క్రూడ్రైవర్ అతని చేతిలో పెట్టారు.

రేకు ఒక పట్టాన ఊడలేదు. బాగా అతికించారు మరి. ముకుంద వేలి గోరు చిట్లింది. ఊడి వచ్చాక కింద చోటు కొత్తగా, శుభ్రంగా, దుమ్ము కూడా లేకుండా ఉంది. ఆశ్రమం ఆఫీసులో తెర పగిలిన పాత ల్యాప్‌టాప్ ఒకటి మూలన పడి ఉంది. దానిలోని మెమరీ ముక్క తెచ్చి ఆ చోట్లో నొక్కితే టక్కుమని కూర్చుంది. మూత బిగించి స్విచ్చి వేశారు. గౌరమ్మ పాఠాల వీడియో పెట్టింది, కెమెరా పెట్టింది, ప్రశ్నల కాగితం తెరిచింది. మూడూ ఒకేసారి, ఎక్కడా ఆగకుండా నడిచాయి.

ఆమె రెండు చేతులూ జోడించింది. "మీ చేతి మహిమ సామీ."

"నేను ముట్టుకోలేదమ్మా," అన్నారు స్వామి. లేచి లోపలికి వెళ్లిపోయారు.

వరండాలో వాళ్లిద్దరే మిగిలారు. గౌరమ్మ ముకుంద వైపు తిరిగింది. "సదువుకున్నోళ్లు సదువుకున్నోళ్లే బాబూ. ఇంత చిన్న కిటుకు, నాకు ఇన్నాళ్లూ తట్టనేదు సూడండి."

మళ్లీ తన తప్పే అనుకుంటోంది. ఊరుకుంటే ఆ మాటతోనే బస్సెక్కి వెళ్లిపోతుంది. ఊరుకోవడం ఎంత సులువో ముకుందకు తెలుసు. అది ఇన్నేళ్లూ జీతం తీసుకుని చేసిన పనే.

"అది మీకు తట్టదమ్మా," అన్నాడు. "తట్టకూడదనే మూశారు. మూయించింది నేను."

ఆమెకు అర్థం కాలేదు. అతను కింద కూర్చుని, రేకు చేతిలో పట్టుకుని, మొదటి నుంచీ చెప్పాడు. మూడు మోడళ్ల సంగతి, ఆరు వేల సంగతి, సంతకం సంగతి. చెప్పడం అయ్యాక ఆమె రేకు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే ఆ రోజు ఆగిపోనాది నా వల్ల కాదన్నమాట."

"కాదమ్మా. మీరు సరిగ్గానే నొక్కారు."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఇందాక రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

ముకుంద ఆత్రంగా, పరీక్ష మళ్లీ రాయవచ్చు కదా, తాను దగ్గరుండి సాయం చేస్తానన్నాడు. ఫీజు తను కడతానన్నాడు.

"శ్రావణంలో నలభై అయిదు నిండిపోనాయి బాబూ," అంది గౌరమ్మ.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనుకున్నాడు ముకుంద. తిట్టినా, చేతిలోని రేకు మొహాన కొట్టినా ఊపిరి పీల్చుకునేవాడు. ఆమె తువ్వాలు తీసి ల్యాప్‌టాప్‌ను మళ్లీ జాగ్రత్తగా చుట్టింది. సంచిలో పెట్టుకుంది.

"ఇది ఇయ్యను. తీసుకుపోతాను. మా ఆయనకి సెప్పాలి," అంది. "నా బుర్ర బాగానే ఉందని సెప్పాలి."

ఆమె మెట్లు దిగి బస్సు రోడ్డు వైపు నడిచింది. చెట్ల మలుపులో కనపడకుండా పోయేదాకా ముకుంద చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడొచ్చారో స్వామి వెనక కూర్చుని, చాప మీద మిగిలిన పాత ల్యాప్‌టాప్ మరలు ఏరి డబ్బాలో వేస్తున్నారు.

"చెప్పాను స్వామీ," అన్నాడు ముకుంద. "చెప్పినా ఆమెకు పోయింది తిరిగి రాదు."

స్వామి అవునని తలూపారు. ఒక మర చాప అల్లికలో ఇరుక్కుంటే గోటితో లాగి తీశారు.

"ఇలాంటివి ఎన్ని అమ్మారు?"

"రెండు లక్షల డెబ్బై వేలు."

స్వామి డబ్బా మూత పెట్టారు.

"ఈవిడ ఒక్కతే ఇక్కడిదాకా రాగలిగింది," అన్నారు.