తలంటు పోసుకున్న బాతు

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు, రాణీ లేదు, ఒక బాతు ఉండేది. ఊరంటే గోదారి కాలవ గట్టు మీద ఊరు. బాతంటే సత్యవేణి బాతు. సత్యవేణి అంటే నీ అంత పిల్ల, నీకన్నా కాస్త మాట వినే పిల్ల. కాస్తేలే, మూతి ముడవకు.

ఆ బాతు పిల్లగా ఇంటికొచ్చినప్పుడు పచ్చగా, గుప్పెట్లో పట్టేంత ఉండేది. అందుకని సత్యవేణి దానికి పెసరబద్ద అని పేరు పెట్టింది. ఆ తర్వాత అది పెరిగి పెద్దదై బియ్యప్పిండిలా తెల్లబడింది. పేరు మాత్రం పెసరబద్దే. సత్యవేణి బడి నుంచి రాగానే కాలవలోంచి పైకొచ్చి, నడుం ఊపుకుంటూ వెనకాలే నడిచేది. ఆ పిల్లకి తోబుట్టువులు లేరు. అక్కయినా చెల్లయినా అదే.

ఇలా ఉండగా దీపావళి వచ్చింది. ముందురోజు నరక చతుర్దశి కదా, తెల్లారకుండానే ఇంట్లో అందరికీ తలంట్లు. సత్యవేణి వాళ్ళమ్మ పేరు నూకరత్నం. ఆవిడ కూతురి మాడుకి నూనె పెట్టి, కుంకుడుకాయ పులుసుతో రుద్ది రుద్ది తల కడిగింది. కళ్ళు మండుతున్నాయని పిల్ల గోల పెడితే నోట్లో ఉప్పుకల్లు వేసింది. అప్పుడు సత్యవేణి గుమ్మం దగ్గర నిలబడ్డ పెసరబద్దని చూసింది. 'పండగపూట అందరికీ తలంటేనా, దీనికి లేదా పాపం' అనుకుంది.

అమ్మ వంటింట్లోకి వెళ్ళడం ఆలస్యం, మిగిలిన కుంకుడు పులుసంతా బాతుకి పట్టించేసింది. మెడ, రెక్కలు, వీపు, తోక, ఏదీ వదల్లేదు. నురగే నురగ. పైనించి చెంబులతో నీళ్ళు కుమ్మరించేసరికి బాతు తళతళలాడింది. ఎంత ముద్దొచ్చిందో!

అప్పుడు పెసరబద్ద రోజూలాగే కాలవలో దిగింది. కాస్త దూరం ఈదింది. ఈదుతూ ఈదుతూ కుంగడం మొదలెట్టింది. ముందు తోక మునిగింది. తర్వాత వీపు మునిగింది. మెడ ఒక్కటే నీళ్ళ మీద నిలబడి దిక్కులు చూస్తోంది. బాతు నీళ్ళల్లో మునగడం నువ్వెక్కడైనా విన్నావా?

"అమ్మా, మునిగిపోతందే! పెసరబద్ద మునిగిపోతందే!"

ఆ కేకకి నూకరత్నం అట్లకాడతోనే పరిగెత్తుకొచ్చింది. చీర ఎగ్గట్టి నీళ్ళలో దిగి, బాతుని ఎత్తుకొచ్చింది. అది తడిసిన గుడ్డలమూటలా బరువెక్కిపోయి గజగజా వణుకుతోంది. సత్యవేణి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. దాని గుండె కొట్టుకోవడం ఈ పిల్ల అరచేతికి తెలుస్తోంది.

ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. తెలియనప్పుడు ఊరుకోవాలి. కానీ ప్రేమ ఊరుకోనిస్తుందా? 'నా తలకి నూనె రాస్తే నీళ్ళు జారిపోతాయి కదా, దీనికీ రాస్తే సరి' అనుకుని, సీసాలో ఉన్న ఆముదమంతా దాని ఒంటికి పూసేసింది. ఈకలు అట్టలు కట్టేశాయి. పాపం బాతు దువ్వుకోబోతే ముక్కంతా జిడ్డు. చలికి ఇంకా ముడుచుకుపోయింది.

అప్పుడు సత్యవేణి ఇంకో ఆలోచన చేసింది. 'నీళ్ళ జోలికి పోతేనేగా మునిగేది' అని దాన్ని కాలవకి పోనివ్వడమే మానేసింది. వాళ్ళ నాన్న వీర్రాజు తాపీ మేస్త్రి. పెరడంతా కొత్తగా సిమెంటు గచ్చు చేశాడు, ఎవరూ జారిపడకుండా గరుగ్గా చేశాడు. ఇక బాతు పొద్దస్తమానం ఆ గచ్చు మీదే. తాగడానికి గిన్నెలో నీళ్ళు, తినడానికి తవుడు, నడవడానికి గచ్చు. మెత్తటి బురదలో తిరగాల్సిన పాదాలమ్మా అవి. ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయి?

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పెసరబద్ద ఎదురు రాలేదు. మూల ఒంటికాలి మీద నిలబడి ఉంది. సత్యవేణి దాన్ని ఎత్తి చూసింది. రెండో కాలి అడుగున రేగ్గాయంత వాపు, వాపు మధ్యలో నల్లటి పెచ్చు, ముట్టుకుంటే సెగ. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఆ సాయంత్రం తవుడు కలిపి పెడితే ముట్టలేదు. వీర్రాజు పని నుంచి వచ్చి చూశాడు. "ఇంకేం బతుకుద్దే ఇది. ఇట్టా తీసుకుని తీసుకుని పోయేకంటే..." అని, కూతురి మొహం చూసి మిగతా మాట మింగేశాడు. మింగినా సత్యవేణికి వినపడింది. ఆ మాటేమిటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మనం అనుకోవద్దు.

"బాతు చచ్చిపోతుందా అమ్మమ్మా" అని నా కొంగు లాగకు. నాకూ భయంగానే ఉంది. భయపడుతూనే చెబుతున్నా.

మర్నాడు సత్యవేణి బడికి వెళ్ళలేదు. బాతుని బుట్టలో పెట్టి, అమ్మ ఒక వైపు, తను ఒక వైపు పట్టుకుని పశువుల ఆస్పత్రికి నడిచారు. అక్కడి డాక్టరమ్మ పెసరబద్దని బల్ల మీద పెట్టి, ఈకలు విడదీసి, వేలు వాసన చూసుకుని, "బాతుకి ఆముదం పట్టించిందెవరమ్మా?" అంది.

సత్యవేణి తల దించుకుని అంతా చెప్పేసింది, కుంకుడు పులుసు దగ్గర్నుంచి గచ్చు దాకా. డాక్టరమ్మకి నవ్వొచ్చింది గానీ, పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి ఆపుకుంది. తోక మొదట్లో ఈకలు పక్కకి నెట్టి, చిన్న బుడిపె చూపించింది.

"చూడమ్మా, ఇది దాని నూనెబుడ్డి. ముక్కుతో ఇందులో నూనె తీసుకుని ఒళ్ళంతా రాసుకుంటుంది. అందుకే దానికి నీళ్ళంటవు. నువ్వు తలంటి ఆ నూనె కడిగేశావు. ఆముదం పూసి ఈకలు అంటించేశావు. నీళ్ళు తగిలితేనే దానికి దువ్వుకోబుద్ధవుతుంది, ఆ నీళ్ళు కూడా మాన్పించావు."

"మళ్ళీ మామూలు మనిషవుద్దా అండీ?" అని నూకరత్నం అడిగింది. కంగారులో బాతుని మనిషిని చేసేసింది.

"కాలికి నేను మందు వేస్తాను. ఈకల సంగతి అదే చూసుకోవాలి. మీ అమ్మాయి చెయ్యాల్సిందల్లా దాన్ని ముట్టుకోకుండా ఉండటం. ఒళ్ళు బాగా చల్లబడిపోయిందమ్మా, నేను మాట ఇవ్వలేను."

అప్పుడు డాక్టరమ్మ కొంచెం సబ్బునీళ్ళతో ఆముదం వదిలించి, నురగ చుక్క మిగలకుండా గోరువెచ్చటి నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగింది. వెచ్చగా ఆరబెట్టింది. ఆ తర్వాత కాలి పెచ్చు తీసి, చీము తుడిచి, మందు రాసి కట్టు కట్టింది. బాతు అరవలేదు. అరవకపోయేసరికే సత్యవేణికి ఇంకా భయమేసింది.

వాళ్ళు ఇంటికి రాగానే వీర్రాజు సంగతంతా విని, వెళ్ళి వరిగడ్డి తెచ్చి, తను ముచ్చటపడి చేసిన గచ్చు మీద మందంగా పరిచేశాడు. అప్పట్నుంచి రోజూ నూకరత్నం తొట్టెలో గోరువెచ్చటి మంచినీళ్ళు పోసి బాతుని కాసేపు దింపేది. తీసి ఎండలో ఆరనిచ్చి, కాలికి మందు రాసి, కొత్త కట్టు కట్టి గడ్డి మీద వదిలేది. సత్యవేణి చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ ఉండేది.

మొదట్లో బాతు తొట్టెలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. నీళ్ళన్నీ ఈకల్లోకి ఇంకిపోయాయి. కొన్నాళ్ళకి మెడ తిప్పి ముక్కు తోక దాకా తీసుకెళ్ళబోయి, నీరసం వచ్చి సగంలో ఆగిపోయింది. సత్యవేణికి చేతులు ఒకటే దురద, దువ్వెన తెచ్చి తనే దువ్వేద్దామని.

"ఒద్దే అమ్మడూ," అంది నూకరత్నం. "దాని పని దాన్ని చేసుకోనీ."

ఆ తర్వాత ఇంకో పొద్దున ముక్కు తోకకి అందింది. నూనె తీసుకుంది. వీపుకి రాసుకుంది, రెక్కకి రాసుకుంది, రొమ్ముకి రాసుకుంది. ఆ పూట తవుడు తింది. సత్యవేణికి ప్రాణం లేచొచ్చింది.

కాలి వాపు తగ్గింది. కట్టు విప్పేశారు. ఇంక కాలవకి వదలొచ్చని డాక్టరమ్మ చెప్పింది. వదలాలంటే మాత్రం సత్యవేణికి కాళ్ళు రాలేదు. తొట్టె వేరు, కాలవ వేరు. గట్టు మీద అమ్మ చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది.

పెసరబద్ద నీళ్ళలో దిగింది. కాస్త ఈదింది, తోక పైనే ఉంది. ఇంకాస్త ఈదింది, వీపు పైనే ఉంది. మధ్యకి పోయేసరికి బుడుంగున తల మునిగింది. మెడ మునిగింది. సగం ఒళ్ళు మునిగింది!

"అమ్మోయ్!" అంటూ సత్యవేణి పట్టిన చెయ్యి విదిలించుకుని, పరికిణీతో సహా నీళ్ళలోకి ఒక్క దూకు దూకింది. తన గడ్డం దాకా వచ్చాయి నీళ్ళు. చేతులు చాచి వెతుక్కునేలోగా బాతు తల పైకొచ్చింది. ముక్కున ఇంత లావు నత్త! అది కాస్తా గుటుక్కున మింగి, నీకిక్కడేం పని అన్నట్టు ఈ పిల్లని ఒక చూపు చూసి, ఈదుకుంటూ పోయింది.

దాని వీపు మీద పడ్డ నీళ్ళు పడ్డట్టే దొర్లిపోయాయి. గట్టు మీద నూకరత్నం నవ్వలేక కూలబడింది. ఆ పొద్దున ఆ కాలవలో తడిసింది సత్యవేణి ఒక్కతే.

కథేమో కంచికి,
బాతేమో నీటికి,
తడిసిన పిల్లేమో ఇంటికి,
కునుకేమో నీ కంటికి.