కట్ట గురించి అడిగిన గోరువంక

వాగు ఎండిన అడవిలో మాటలు కూడా ఎండిపోతాయనుకుంటాం. లేదు, అక్కడే అవి తొందరగా అంటుకుంటాయి.

ఆ అడవిని ఏలేది కొమ్ములదొర అనే దుప్పి. దుప్పులకో ఆచారం ఉంది: పొద్దున నీళ్లు ముట్టేముందు తూర్పుకొండ వైపు తిరిగి నుదురు నేలకానిస్తాయి. ఈ ఏడాది కొమ్ములదొర ఎగువన వాగుకు అడ్డంగా కట్ట వేయించి, నీళ్లన్నీ తన మేతబీడుకు మళ్లించుకున్నాడు. దిగువన అందరికీ మిగిలింది ఒక్క చెలమ.

ఆ చెలమ పక్కనే ముసలి దుప్పి చుక్కమ్మ ఉండేది. ఆమె ఒంటిమీది పిడుదులు ఏరుకు తినడం గోరువంక పని.

"అత్తా, ఇవాళ సభలో దొరను కడిగిపారేస్తా చూడు."

"కట్ట సంగతి అడగవే. కట్ట సంగతే అడుగు," అంది చుక్కమ్మ.

సభలో గోరువంక సూటిగానే మొదలుపెట్టింది. "దొరా, ఎవరినడిగి వేశావు కట్ట? దిగువన కుందేళ్లు చస్తున్నాయి. ఎప్పుడు తీస్తావు?"

కొమ్ములదొర నేలచూపులు చూశాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ అడవిపందులు "ఇంకా కడుగు, ఇంకా కడుగు!" అని అరిచాయి. గోరువంకకు ఊపొచ్చింది.

"పొద్దున్నే కొండకు నుదురానించే జాతి, మధ్యాహ్నానికి మా గొంతుకు అడ్డం పడుతుందా?"

సభ విరగబడి నవ్వింది. దొరగారి మంత్రి నక్క తీరిగ్గా లేచింది.

"విన్నారా దుప్పులారా? ఆమె బాధ కట్ట కాదు, మీ మొక్కు. ఇకమీద కట్ట పేరెత్తిన ప్రతివాడూ మీ కొండకు శత్రువే."

దాహంతో నాలుకలు పిడచకట్టిన దిగువ దుప్పులు కూడా దొర వెనక చేరాయి.

"అయ్యో, నేనడిగింది దొరని! చుక్కమ్మత్త కూడా మొక్కుతుంది, ఆమెకూ నీళ్లు లేవు!"

"నోటితో అన్నది మాత్రం 'జాతి' అని," నక్క నవ్వింది.

ఇటు పందుల పెద్ద ముట్టెయ్య గోరువంకకు దణ్ణం పెట్టాడు. "భలే అన్నావమ్మాయ్! ఈ నుదురుగాళ్లంతా ఒకటే. పదండ్రా, చెలమ దగ్గరున్న ముసలిదాన్ని తరుముదాం!"

"ఆగండి! ఆవిడ వేసిందా కట్ట?"

"వేసినవాడి జాతేగా!"

"కట్ట పైనుంటే కిందికి పోతారేం?"

"పైన కొమ్ములున్నాయి తల్లీ," అన్నాడు ముట్టెయ్య, సిగ్గు లేకుండా.

పందుల తొక్కిడికి చెలమ బురదైంది. చుక్కమ్మ పడుతూ లేస్తూ కట్ట దాకా పరిగెత్తింది. కావలి దుప్పులు అడ్డం నిలబడ్డాయి.

"నేనూ మొక్కేదాన్నే నాయనా!"

"మొక్కుకో పెద్దమ్మా. నీళ్లు మాత్రం దొరవి."

చుక్కమ్మ కట్టకు పొడివైపునే కూలబడింది. గోరువంక వచ్చి ఆమె వీపుమీద వాలింది. "అత్తా, ఒక్క మాట జారాను..."

"కట్ట సంగతే అడగమన్నానుగా," అని చుక్కమ్మ కళ్లు మూసింది. మళ్లీ తెరవలేదు.

మర్నాడు నక్క ఆ శవాన్ని దుప్పులందరికీ చూపించింది. "పందులు ఏం చేశాయో చూశారా? దొర లేకపోతే మీ గతీ ఇంతే!" దుప్పులు వణుకుతూ మట్టి మోసి, కట్టను ఇంకో మూరెడు పెంచాయి. దిగువన కుందేళ్లూ పందులూ బురద నాకుతూ ఒక్కొక్కటే రాలిపోయాయి.

గోరువంక రోజూ కట్టమీద వాలి అడుగుతూనే ఉంది, ఈసారి కట్ట సంగతే. వినేందుకు దిగువన ఎవరూ మిగల్లేదు.

నీతి: ఏలేవాణ్ణి అడగాల్సిన ప్రశ్నను మొక్కేవాళ్ల మీదికి తిప్పామా, ఏలేవాడికి జవాబు చెప్పే పనే ఉండదు.