ఆండాళమ్మ కొలువుకి కట్టిన ఎర్రతాడు

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదులే, బస్సులూ కరెంటూ ఉన్న కాలమే. ఆ కాలంలో ఒక చిన్న ఊరు. ఆ ఊరికి కొత్తగా వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళు. ఆయన పేరు వరదయ్య, ఆవిడ పేరు ఆండాళమ్మ. నీ కాళ్ళు నా మీద నుంచి తీసి దుప్పటి కప్పుకో, అప్పుడు చెప్తా.

ఆండాళమ్మ పట్నంలో మ్యూజియంలో కాపలా ఉద్యోగం చేసింది. పాతకాలం కత్తులూ, రాణుల గాజులూ, రాతిబొమ్మలూ పెట్టి ఉంచే చోటన్నమాట. వాటి ముందు దొడ్డు ఎర్రతాడు కట్టి ఉంటుంది. తాడు దాటి ఎవరైనా చెయ్యి చాపితే "ముట్టుకోకండి" అనాలి. అదే ఆవిడ పని. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, తెల్లబడేదాకా ఆ మాటే అంది. రిటైరైన రోజున అక్కడివాళ్ళు దండ వేసి, గుర్తుగా ఉండనీ అని పాత తాడొకటి చుట్టి చేతిలో పెట్టారు.

ఆ తర్వాత, గాలీ నీరూ బాగుంటాయని ఈ ఊళ్ళో చిన్న ఇల్లు కొనుక్కుని ఇద్దరూ వచ్చేశారు. వాళ్ళకి పిల్లల్లేరు. ఊళ్ళో చుట్టాలూ లేరు. ఆ ఊళ్ళోనేమో అందరూ ఒకళ్ళనొకళ్ళు వరసపెట్టే పిలుచుకుంటారు. కూరలమ్మే ఆవిడ అందరికీ అత్త, కరెంటు మీటరు చూసే ఆయన అందరికీ బావ. వీళ్ళు మాత్రం "కొత్తింటోళ్ళు". ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆండాళమ్మ మనసు చివుక్కుమనేది.

అప్పుడు దసరా వచ్చింది. పొద్దున్నే వీధి తలుపు తీస్తే ఎదురుగా పులి నిలబడి ఉంది. పసుపు ఒళ్ళు, నల్లచారలు, ఇంత పొడుగు తోక, వెనకాల డప్పులు. ఆండాళమ్మ గుండె గుభేలుమంది. పరుగున పోయి వంటింట్లో దూరి గడియ పెట్టుకుంది. పులివేషం కట్టినాయన పాపం వరదయ్యని మంచినీళ్ళు అడిగి తాగి, పక్కింటి ముందు ఆడటానికి పోయాడు. నవ్వకు, నువ్వైతే మంచం కింద దూరేదానివి.

ఉలికిపాటు తగ్గాక ఆండాళమ్మ బొమ్మల కొలువు పెట్టింది. మెట్లు కట్టి తెల్లపంచె పరిచింది. కింది మెట్టు మీద కొయ్యపల్లకీ, పక్కన సన్నాయిమేళం బొమ్మలు, అన్నిటికీ పైన కోమలం.

కోమలం అంటే ఎర్రచందనపు బొమ్మ. జానెడు పొడుగుంటుంది. ఆండాళమ్మ పెళ్ళినాడు వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టింది. ఆవిడ దానికి ఏటేటా కొత్త పట్టుముక్క చుట్టేది, పేరు పెట్టి పిలిచేది, ఎండలో పెడితే కందిపోతుందని నీడకి జరిపేది. లేని కూతురు అదే అనుకో.

మొదటి పేరంటానికి వీధి వీధంతా వచ్చింది. గుగ్గిళ్ళు తిన్నారు, పాటలు పాడారు, తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళారు. ఆండాళమ్మ మురిసిపోతూ లోపలికొచ్చి చూస్తే పల్లకీ లేదు. మెట్ల కింద చూసింది, మంచం కింద చూసింది. ఎక్కడా లేదు.

రాణిగారి ముక్కుపుడక ముందు ఏళ్ళతరబడి నిలబడ్డ మనిషి. అక్కడ పూస కూడా పోలేదు, ఇక్కడ సొంతింట్లో పల్లకీ పోయింది.

రెండో పేరంటానికి కొలువు ముందు ఎర్రతాడు కట్టేసింది. తాడు ఇవతలే నిలబడి చూడండని చెప్పింది. వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకుని, సరేనని అక్కడే నిలబడ్డారు. అందరూ వెళ్ళాక చూస్తే సన్నాయిమేళం మాయం. డోలు వాయించేవాడు కూడా లేడు. తాడు కట్టినట్టే ఉంది, ముడి వేసినట్టే ఉంది.

ఇక మూడో పేరంటం. ఆ సాయంత్రం పేరంటాళ్ళు వస్తుండగా వరదయ్య, ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా, గొడుగు చంకలో పెట్టుకుని చల్లగాలికి పోయొస్తానని బయల్దేరాడు. ఆండాళమ్మ పట్టించుకోలేదు. కట్టుకున్నవాణ్ణి ఎవరు అనుమానిస్తారు?

ఆవిడ మనసంతా పేరంటాళ్ళ మీదే ఉంది. కుంకుమ ఇచ్చింది, గుగ్గిళ్ళు ఇచ్చింది, ఆ తర్వాత వెళ్ళి గడపకి అడ్డంగా నిలబడింది. మ్యూజియం మూసే వేళ గేటు దగ్గర నిలబడేది చూడు, అచ్చం అలాగే.

"ఒక్కొక్కరే కొంగు విదిలించి చూపించి వెళ్ళండి" అంది.

పేరంటానికి పిలిచి కొంగు దులపమనడం ఆ ఊళ్ళో ఎవరూ కనలేదు, వినలేదు. అందరికంటే ముందు పక్కింటి ఓబుళమ్మ ఉంది. పెద్దబొట్టు, పెద్దగొంతు, ఊళ్ళో అందరికీ వదిన. ఆవిడ కొంగు విప్పి నిదానంగా దులిపి చూపించింది. చేతిలో తాంబూలం అరుగు మీద పెట్టేసి మెట్లు దిగిపోయింది. వెనకాల అందరూ అంతే. అరుగు నిండా తాంబూలాలే మిగిలాయి.

ఆండాళమ్మ లోపలికొచ్చింది. పై మెట్టు ఖాళీగా ఉంది. కోమలం లేదు.

కొయ్యబారిపోయింది తల్లీ ఆవిడ. బొమ్మ పోయిందని ఒక దెబ్బ, ఏ పాపం ఎరగనివాళ్ళ కొంగులు దులిపించానే అని ఇంకో దెబ్బ. ఏడుద్దామంటే ఏడుపు కూడా రాలేదు.

ఆ తర్వాత వాళ్ళింటి గడప ఎవరూ తొక్కలేదు. దీపావళికి వీధంతా మతాబులు కాలుస్తుంటే ఆవిడ తులసికోట దగ్గర ఒక్క ప్రమిద వెలిగించి తలుపేసుకుంది. వరదయ్య మూడుసార్లు ఏదో చెప్పబోయాడు. మూడుసార్లూ మింగేశాడు. ఆ మనిషి మీద నాకిప్పటికీ కోపమే.

చివరికి ఆండాళమ్మ, ఈ ఊరు మనకి అచ్చిరాలేదు, తిరిగి పట్నం పోదామంది. బట్టలు మూటలు కట్టేసింది కూడా. వరదయ్య బతిమాలాడు. కార్తీకమాసం కదా, ఆదివారం ఊరంతా ఉసిరితోటలో వనభోజనాలకి పోతోంది, ఆ ఒక్కటీ చూసి ఆ తర్వాత నీ ఇష్టం అన్నాడు. ఆవిడ విసుక్కుంటూనే గిన్నెడు పులిహోర కలిపింది. దాన్నీ ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని మూతకి ఆ ఎర్రతాడు కట్టింది. చూశావా బుద్ధి.

తోటలో అడుగుపెట్టేసరికి ఎక్కడినుంచో సన్నాయి వినిపించింది. ఉసిరిచెట్టు కింద మూరెడు పందిరి ఉంది, మామిడాకుల తోరణాలున్నాయి. పందిరి ముందు ఆవిడ సన్నాయిమేళం బొమ్మలున్నాయి. పక్కన ఆవిడ పల్లకీ ఉంది. పల్లకీలో బుగ్గన చుక్కతో, నుదుట బాసికంతో కోమలం కూర్చునుంది. ఎదురుగా పీట మీద తలపాగా చుట్టిన కొయ్యబొమ్మ పెళ్ళికొడుకు.

ఆండాళమ్మ చేతిలోంచి గిన్నె జారింది. తాడు కట్టి ఉంది కాబట్టి పులిహోర దక్కింది.

అప్పుడు వరదయ్య నెమ్మదిగా చెప్పాడు. ఈ ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా, వాళ్ళ కొలువులో బొమ్మకీ ఈ ఊరి బొమ్మకీ పెళ్ళి చేస్తారట. అప్పటినుంచి వాళ్ళు ఊరందరికీ చుట్టాలట. పెళ్ళికూతురి తల్లికి ముందుగా తెలియకూడదట, తెలిస్తే ఆ పెళ్ళి చెల్లదట. సరంజామా ఆడవాళ్ళు కొంగున దాచి తీసుకుపోతారు, పిల్లని మాత్రం తండ్రే తెచ్చివ్వాలి.

"కోమలాన్ని గొడుగులో పెట్టి తీసుకుపోయింది నేనే" అన్నాడు.

ఆవిడ మొగుడి వంక చూసింది. పులిని చూసినప్పుడు కూడా అంత అదిరిపోలేదు. నోరు తెరిచింది కానీ తిట్టు బయటికి రాలేదు. ఎందుకంటే ఓబుళమ్మ ఎదురొచ్చి నిలబడి, తన కొంగు తనే దులిపింది.

"చూసుకో. ఇయ్యాల గూడా ఏమీ లేదు" అంది.

ఆండాళమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు. తప్పయిపోయిందని చేతులు జోడించింది. ఆవిడ చేతులు ఓబుళమ్మ పట్టుకుని కిందికి దించింది.

"నిజంగానే కోపమొచ్చింది. ఈ పెళ్ళే వద్దనుకున్నా. కానీ పిల్లోడి తల్లిని గదా, పెళ్ళిలో అలిగేది నేనే. అది అలకలో జమ చేసుకుందాంలే. అలక తీరాలంటే ఆ తాడు నాకియ్యి."

ఆండాళమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. గిన్నె ముందు కూర్చుని ముడి విప్పి, తాడు చుట్ట చుట్టి ఓబుళమ్మ చేతిలో పెట్టింది.

పెళ్ళి జరిగింది. తలంబ్రాలు పోశారు, అరిటాకులు వేశారు, పులిహోర పంచారు. చివరికి అప్పగింతలు. కోమలాన్ని చేతుల్లోకి తీసుకున్న ఆండాళమ్మ ఇక వదలదు. పోయిందనుకున్న పిల్ల దొరికిందే ఇప్పుడు, దొరికినదాన్ని మళ్ళీ ఇవ్వాలి. పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి.

"ఇయ్యి వదినా, మా ఇంటికే గదా" అంది ఓబుళమ్మ.

వదినా అని ఆ ఊళ్ళో ఆవిణ్ణి ఎవరైనా పిలవడం అదే మొదలు. ఆండాళమ్మ వేళ్ళు విచ్చుకున్నాయి. ఇంటికి పోయి మూటలు విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో సర్దుకుంది. వరదయ్యతో మూడు రోజులు మాట్లాడలేదనుకో, అది వేరే సంగతి.

ఆ తర్వాత ఏడాది తిరిగింది. దసరాకి ఆండాళమ్మ తాడు లేకుండా కొలువు పెట్టింది. తలుపు చప్పుడైతే తీసి చూసింది. ఎదురుగా ఓబుళమ్మ, వెనకాల వీధి వీధంతా. కూతుర్నీ అల్లుణ్ణీ పండక్కి తీసుకొచ్చాం వదినా అని, ఓబుళమ్మ కొంగు విప్పింది. కోమలం ఉంది, తలపాగా అల్లుడున్నాడు, ఇంకా చిన్న కొయ్య ఉయ్యాల కూడా ఉంది. దాన్ని వేలాడదీసింది ఎర్రతాడు పోగులతోనే. ఉయ్యాలలో బొటనవేలంత బొమ్మ, బుగ్గన చుక్క.

ఆండాళమ్మ నిలబడ్డ చోటే నిలబడిపోయింది. చెయ్యి చాపబోయి, సగంలో ఆపుకుని, ఓబుళమ్మ వంక చూసింది.

"ముట్టుకోవచ్చా?" అని అడిగింది.

బొమ్మ పోయె అత్తింటికి,
తాడు పోయె ఉయ్యాలకి,
కథ పోయె కంచికి,
కన్ను పోవాలి నిద్దరకి.