ఏడు ఊపిరుల పాట

గొంతు పాడై పాట మానేశాక ఎస్తేరు నవలలు రాయడం మొదలుపెట్టింది. మూడో నవల ఒక జాజ్ గాయని పడుచుదనం గురించి. పేరు మార్చింది గానీ, విశాఖలో ఎవరు చదివినా ఫిలోమినా అని పోల్చుకుంటారు.

ఇద్దరూ తియోఫిలస్ మాస్టారి దగ్గరే పాట నేర్చుకున్నారు. రైల్వే క్లబ్బులో ఒకే మైకు ముందు పక్కపక్కన నిలబడ్డారు. తర్వాత ఫిలోమినా బొంబాయి వెళ్లి పదకొండు రికార్డులు ఇచ్చింది. ఎస్తేరు ఒక్కటీ ఇవ్వలేదు.

ప్రచురణకర్త నవలను రెండుసార్లు తిప్పి పంపాడు. ఆ పిల్లలో ప్రాణం లేదన్నాడు. మూడోసారీ ఇలాగే ఉంటే ఇక పంపొద్దన్నాడు. ఎస్తేరు ఆ కట్ట తీసుకెళ్లి మాస్టారికిచ్చింది.

రెండు రోజుల్లో ఆయన చదివేశారు.

"ఈ పిల్లకి భయం లేదని నలభై చోట్ల రాశావమ్మా."

"ముప్ఫై ఎనిమిది," అంది ఎస్తేరు. "దానికి పొగరే గానీ, భయమెక్కడిది మాస్టారూ?"

మాస్టారు పియానో మీద నుంచి ఒక పాత పాట కాగితం, పెన్సిలు తెచ్చిచ్చారు. క్లబ్బులో ఫిలోమినా మొట్టమొదట పాడిన పాట అది. ఆమె ఎక్కడెక్కడ ఊపిరి తీసుకునేదో గీతలు పెట్టమన్నారు.

ఎస్తేరుకు ఆలోచించే పనిలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ పాట తలలో మోగుతూనే ఉంది. ఎవరైనా పన్నెండుసార్లు ఊపిరి తీసుకునే పాటని ఫిలోమినా ఏడింటితో ముగించేది. తనకు ఎంత సాధన చేసినా పన్నెండు పదకొండు కాలేదు. చకచకా ఏడు గీతలు గీసి కాగితం తిప్పి ఇచ్చింది.

మాస్టారు చూశారు. "ఎనిమిది," అన్నారు.

"ఏడే. ఎన్నిసార్లు లెక్కపెట్టానో మీకు తెలీదు."

"హాల్లో కూర్చున్నవాళ్లకి ఏడే. నువ్వు పక్కన నిలబడ్డావు కదా."

కాగితం మళ్లీ ఆమె ముందు పెట్టారు. ఎస్తేరు మొదటి గీత నుంచి వెనక్కి వచ్చింది. మొదటి మాట దగ్గరికి. దానికి ముందున్న ఖాళీ దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

పాట ఎత్తుకోబోయే ముందు పక్కన తెగి తెగి వచ్చిన ఊపిరి. చల్లగా చెమట పట్టిన వేళ్లు.

"అది నా చెయ్యి పట్టుకుంది మాస్టారూ," అంది. "నేను విదిలించుకున్నాను."

మాస్టారు పెన్సిలు చెక్కి, ఆమె చేతిలో పెట్టి, వేళ్లు మూశారు.