చెప్పు విప్పని రాజు

ఐర్లాండు పడమటి తీరం నుండి పడవలో అరగంట ప్రయాణిస్తే డారమోర్ ద్వీపం వస్తుంది. రేవు దాటి గుట్ట ఎక్కిన యాత్రికులకు కప్పు లేని రాతి ప్రార్థనాలయం, దాని వాకిట నేలబారు బండ కనిపిస్తాయి. ఆ బండలో మనిషి కుడిపాదం పట్టేంత గుంట ఉన్నది.

పూర్వం ఇక్కడ గేలు జాతి రాజులకు పట్టాభిషేకం జరిగేది. కొత్త రాజు కుడికాలి చెప్పు విడిచి, వట్టి పాదాన్ని ఈ గుంటలో మోపి ప్రమాణం చేసేవాడు. అంగలోపం ఉన్నవాడు రాజు కారాదన్నది వారి ధర్మం.

ఎర్నాన్ అనే రాజు మాత్రం చెప్పుతోనే పాదం మోపాడు. ఆనాడు జోరువాన కురుస్తున్నందున పెద్దలు పట్టించుకోలేదు. తరువాత అతని పినతండ్రి కుమారుడు కోనాంగ్ ఆ పట్టాభిషేకం చెల్లదన్నాడు. "రాజుగారు పడుకునేటప్పుడైనా చెప్పు విప్పుతారేమో, రాణిగారిని అడగండి" అని అతని మనుషులు విందులలో నవ్వేవారు. అయినా ఎర్నాన్ చెప్పు విప్పలేదు. మూడేళ్లు పాలించి, ఓడదొంగలతో జరిగిన పోరులో మరణించాడు.

శవానికి స్నానం చేయించేటప్పుడు చూస్తే, కుడిపాదానికి రెండు వేళ్లు లేవు.

కోనాంగ్ రాజయ్యాడు. ఎర్నాన్‌ను రాజుల సమాధుల వరుసలో పూడ్చరాదని, ఏటా చదివే రాజుల పేర్లలో అతని పేరు ఉండరాదని ఆజ్ఞాపించాడు. ఎర్నాన్ అక్క లసర్ తమ్ముడి శవాన్ని ఈ వాకిట ఉంచి మూడు రోజులు కదలలేదు. ధర్మాన్ని కాదనలేక, ఆమెను పొమ్మనలేక ఇక్కడి మఠాధిపతి బ్రెనాన్ ప్రార్థనలో మునిగాడు.

మూడవనాడు మేదవ్ అనే ముసలి పశువుల కాపరి గుట్ట ఎక్కి వచ్చింది. పట్టాభిషేకానికి ముందటి చలికాలంలో తాను మంచులో చిక్కుకోగా, ఎర్నాన్ తన చెప్పులను ఆమె కాళ్లకు కట్టి, వట్టి కాళ్లతో ఆమెను మోసుకొచ్చాడని చెప్పింది. ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అక్కడికి వచ్చిన కోనాంగ్ గద్దించాడు.

"ఆయన బతికుండగా చెప్పనని ఒట్టు వేశాను, ప్రభూ. మంచుకు చచ్చిన ఆ వేళ్లను కోసింది నేనే. ఆ లోపం నాది, ఆ బిడ్డది కాదు."

ధర్మాన్ని మార్చే అధికారం తనకు లేదని, అయినా ఎర్నాన్‌ను వరుసలో పూడ్చి పేరు చదవవచ్చునని, పాలించిన ఏళ్లు మాత్రం చదవరాదని కోనాంగ్ తీర్పు చెప్పాడు.

"ఏళ్లు మీ దగ్గరే ఉంచుకోండి, తమ్ముడూ. నాకు వాడి పేరు చాలు" అన్నది లసర్.

అందువల్లనే కొన్ని రాతప్రతులలో ఎర్నాన్ రాజుగా ఉన్నాడు, కొన్నింటిలో లేడు. ఈనాటికీ ఆగస్టు మొదటి ఆదివారం ఈ బండ వద్ద రాజుల పేర్లు చదువుతారు. అంగలోపం ఉన్నవారే చదవాలన్నది ఆచారం. పన్నెండేళ్లుగా ఎడమచేయి లేని పడవ సరంగు నోరాగారు చదువుతున్నారు. ప్రతి రాజుకు పేరు, ఏళ్లు చదివి, ఎర్నాన్ పేరు దగ్గర ఆమె ఆగుతారు. చనిపోయిన తమవారిని తలచుకొనే చోటు మరెక్కడా లేనివారు అప్పుడు ఆ పేరును పైకి పలుకుతారు. పలికినవారికి దుఃఖం కొంత తేలికవుతుందని విశ్వాసం. ఎవరూ తొందరపెట్టరు. జాబితాలో తరువాతి పేరు కోనాంగ్‌ది. చివరి గొంతు ఆగేవరకు ఆ రాజు వేచి ఉంటాడు.