లాగి చూడని గొట్టం

దేవసహాయం మాస్టారి షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. గొట్టానికి ఒకరు క్లిప్పు బిగిస్తే, ఇంకొకరు ఆ గొట్టాన్ని చేత్తో పట్టి లాగి చూడాలి. కదలకపోతే, లాగినవాళ్లే ఎర్ర రంగుతో సన్నగా ఒక గీత గియ్యాలి, గొట్టం మీద మొదలై లోహం మీదకి పోయేలా. ఆ తర్వాత ఎప్పుడు గొట్టం జారినా గీత తెగి కనబడుతుంది. ఎవరి పనికి వాళ్లే గీత గీసుకోవడానికి వీల్లేదు. ఈ కట్టుబాటు మాకెవరికీ కష్టంగా ఉండేది కాదు, బిగించింది మాస్టారే అయినప్పుడు తప్ప.

బొబ్బిలి దాటాక, ఎవరూ వాడని పాత రన్‌వే పక్కన రేకుల షెడ్డు అది. ఆదివారం వస్తే నలుగురం అక్కడ చేరి మా చేతులతో విమానాలు కట్టుకునేవాళ్లం. విమానమంటే ఏదో ఊహించుకోకండి, ఇద్దరు పట్టే బుల్లిది. మాస్టారు వైమానిక దళంలో ఇంజన్ల పని చేసి రిటైరైన మనిషి, అప్పటికి డెబ్బై ఆరేళ్లు. నేను బస్సు డిపోలో మెకానిక్కుని. ఇంజన్లంటే నాకు తెలియనిదేముందిలే అనుకుంటూ వెళ్లి, ఆర్నెల్లు ఆయన చేత చీవాట్లు తిన్నవాణ్ణి.

ఆ రోజు పని వకుళది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి, నాలుగేళ్లుగా ఒక్కో రివెట్టూ కొట్టి కట్టుకున్న విమానం. మర్నాడు పొద్దున దాన్ని మొదటిసారి పైకి తీసుకెళ్లాల్సింది కూడా ఆవిడే. ఇంజన్ ఆయిల్ చల్లబడాలంటే ముక్కు దగ్గర దూరిన గాలి రేడియేటరు దాకా రావాలి. ఆ గాలిని తెచ్చే నారింజరంగు గొట్టం ఒక్కటే మిగిలింది. చోటు ఇరుకు. "నేను చేస్తాను జరగండి" అని మాస్టారే రెండు చివరలూ బిగించారు. నేను టార్చి పట్టుకున్నాను. ఆయన వేళ్లు వణకడం నాకు కనబడింది. కనబడనట్టే ఊరుకున్నాను, నా బుద్ధి అంతే.

వకుళ కుంచె తీసుకుంది. ఇటువైపు చివర గొట్టం మీద ఒకసారి చెయ్యి ఆనించి, చక్కగా గీత గీసింది.

"లాగావామ్మా?" అన్నారు మాస్టారు.

"మీరు బిగించిందే కదా మాస్టారూ."

ఆయన ఆ గీత వైపే చూశారు. ఆ చూపుకి వకుళ తడబడి, ఎన్నాళ్లుగా దాచుకుందో గాని, అడిగేసింది. "మీ చేతిపనిని మేం లాగి చూడటమేం మర్యాద మాస్టారూ? అది మిమ్మల్ని నమ్మకపోవడం కాదా?"

నిజం చెప్పొద్దూ, బాగా అడిగిందనుకున్నాను. నా మనసులో ఉన్నదీ అదే.

మాస్టారు గుడ్డతో చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నారు.

"జోగినాయుడని, నా మొదటి శిష్యుడు. మీరెవరూ ఇక్కడికి రాకముందు మాట. బియ్యం మిల్లులో ఫిట్టరు. ఇదే షెడ్డులో విమానం కట్టాడు. ఒకరోజు నేను బిగించిన గొట్టాన్ని పట్టుకుని లాగాడు. చూడ్డానికొచ్చిన పదిమంది చుట్టూ ఉన్నారు. నాకు ఒళ్లు మండింది. 'నువ్వు స్పానర్ పట్టకముందు నుంచీ బిగిస్తున్నాన్రా, నన్నే పరీక్షిస్తావా?' అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు, తల వంచుకుని. ఆ తర్వాత వాడు నా పని ఎప్పుడూ లాగలేదు. గీత మాత్రం గీసేవాడు. అందంగా గీసేవాడు."

చేతిలో గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

"మే నెల. పైకి లేచిన పావుగంటకి గొట్టం ఊడింది. ఆయిల్ మరిగింది, ఇంజన్ పట్టేసింది. వాడు నేర్పుగానే దున్నిన చేలో దించాడు, చివర్లో గట్టు తగిలింది. నడుం పోయింది. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని, 'ఎందుకు లాగలేదురా' అని నేనే అడిగాను. సిగ్గులేకుండా అడిగానమ్మా. 'లాగుదామనే చెయ్యి పెట్టాను మాస్టారూ. మీరు చూస్తున్నారు. తీసేశాను' అన్నాడు. అంతే. నన్ను నాలుగు తిట్టి ఉంటే బావుండేది. ఇప్పటికీ ఫోన్ చేస్తే, చక్రాల కుర్చీలో కూర్చుని, ముందు నా మోకాళ్లనొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతాడు."

లేచి తన పనిముట్ల పెట్టె తెరిచి, అడుగున ఉన్న గొట్టం ముక్కను తీసి వకుళ చేతిలో పెట్టారు. అంచున ఎర్ర గీత సగమే ఉంది. మిగతా సగం ఉన్న లోహం విమానంతోపాటు ఎప్పుడో తుక్కులోకి పోయింది. ఇరవై రెండేళ్లుగా ఆ పెట్టె ఆయన మోస్తుంటే చూశాను గాని, అందులో ఇది ఉందని నాకు తెలియదు.

వకుళ ఆ ముక్కను బల్ల మీద పెట్టి ఇంజన్ దగ్గరికి వెళ్లింది. తను గీత గీసిన చోట చెయ్యి వేసింది. వేసి, మాస్టారి వైపు చూసింది. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. అయ్యో, ఇంత విన్నాక కూడానా అనిపించింది నాకు. కాని ఆ చోట నేనున్నా ఆగేవాణ్ణే.

మాస్టారు మెల్లగా గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

వకుళ లాగింది. పెద్ద బలమేమీ పెట్టలేదు. గొట్టం చేతిలోకి వచ్చేసింది. క్లిప్పు లోహపు అంచు మీద ఉన్న ఉబ్బుకు అవతల పడాలి. ఇవతలే పడి, పట్టీపట్టనట్టు పట్టుకుని ఉంది. తడి ఆరని గీత రెండు ముక్కలైంది. వకుళకి కళ్లనీళ్లు తిరిగాయి. నేను టార్చి దించేశాను. ఆ క్షణాన మాస్టారి వైపు చూసే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఆయనా ఇటు తిరగలేదు. గోడకేసి చూస్తూనే అన్నారు:

"రెండో చివర కూడా నేనే బిగించానమ్మా. అదీ లాగు."