చెంచురామయ్య మూర, ఇనుప షట్టరు

చీరాలలో చెంచురామయ్య అనే నేతగాడు ఉండేవాడు. మగ్గం మీద అతనికి తిరుగు లేదు గానీ, తెలియని సంగతి ఇంకొకరిని అడగాలంటే మాత్రం మహా నామోషీ.

అతను ఒక పాత కారు కొన్నాడు. దాన్ని ఎండకీ వానకీ వదలడం ఇష్టం లేక, ఇంటి ముందు షెడ్డు కట్టించి, దానికి చుట్టుకునే ఇనుప షట్టరు పెట్టించాలనుకున్నాడు. షట్టర్లు చేసే ఖాసిం టేపు తీసుకుని కొలతకి వచ్చాడు.

"టేపు లోపల పెట్టు, ఖాసిమూ!" అన్నాడు చెంచురామయ్య. "ముప్పై ఏళ్లుగా చీరలు కొలుస్తున్న చెయ్యి ఇది." మోచేతి నుంచి వేలి కొస దాకా చెయ్యి చాపి, గోడ నుంచి గోడకి కొలిచాడు. "ఆరు మూరలు. మూరంటే అడుగున్నర. అంటే తొమ్మిది అడుగులు. రాసుకో."

"ఒక్కసారి టేపుతో కూడా చూస్తే..."

"నా మూర మీద నమ్మకం లేదా?"

ఖాసిం టేపు జేబులో పెట్టుకుని రాసుకున్నాడు.

చెంచురామయ్య మూర అడుగున్నర కాదు. మనిషి పొడగరి కదా, అరంగుళం ఎక్కువ. ఆరు మూరలకీ కలిపి మూడంగుళాలు. షట్టరు బిగించే రోజున ఆ తేడా బయటపడింది. రెండు పక్కలా గోడలకి బిగించిన ఇనుప గాడుల్లో రేకు అంచులు రెండేసి అంగుళాలు లోపలికి దిగాలి. తీరా చూస్తే అరంగుళమే దిగాయి.

"ఇది చాలదు, రామయ్యగారూ. మళ్లీ చేసుకొస్తాను. పది రోజులు పడుతుంది," అన్నాడు ఖాసిం.

"ఎల్లుండే కారుకి పూజ! బట్ట మూడంగుళాలు తగ్గితే లాగి సరిపెట్టమా? బిగించెయ్."

"ఇనుము సాగదు కదండీ!"

చెంచురామయ్య వింటేనా! ఖాసిం అయిష్టంగానే బిగించి, "పది రోజుల్లో వెడల్పు రేకులు తెస్తాను. అంతవరకూ పూర్తిగా దించే ఉంచండి. సగంలో మాత్రం వదలకండి," అని మరీ మరీ చెప్పాడు.

చెంచురామయ్య భార్య కోటిరత్నానికి ప్రతిదీ వింతే. షట్టరు కింద నిలబడి తలెత్తి చూస్తూ అడిగింది, "ఖాసిం భాయ్, ఇంత బరువు ఒంటి చేత్తో ఎలా లేస్తోంది?"

ఖాసిం ముఖం వెలిగింది. "పైన ఆ గొట్టంలో స్ప్రింగు ఉందమ్మా. షట్టరు దించేటప్పుడు అది బిగుసుకుంటుంది. మన బలం దాచుకుంటుందన్నమాట. మళ్లీ ఎత్తేటప్పుడు ఆ బలం మనకి తిరిగి ఇస్తుంది."

"అబ్బ! మరి సగంలో ఎందుకు వదలకూడదు?"

"గాలి తగిలితే రేకు తెరచాపలా ఉబ్బుతుంది. అంచులు గాడిలో బాగా దిగి ఉంటే పట్టుకుంటాయి. ఇవి పట్టుకోవు. జారితే బరువంతా కిందికే."

కోటిరత్నం ఆ మాట మనసులో పెట్టుకుంది. ఎందుకంటే, అత్తగారు ఆదెమ్మ రోజూ మధ్యాహ్నం ఆ షెడ్డు గుమ్మంలోనే రాట్నం పెట్టుకుని కండెలకి నూలు చుట్టేది. ఇంట్లో చీకటి, ముసలి కళ్లకి వెలుతురు కావాలి.

చెంచురామయ్య షట్టరుని సగమే ఎత్తి ఉంచేవాడు. పూర్తిగా ఎత్తితే ఎండకి కారు రంగు వెలిసిపోతుందట. దించేస్తే అమ్మకి కనపడదట. కోటిరత్నం ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆమె ముగ్గుపిండి తెచ్చి, గుమ్మానికి రెండు మూరలు లోపలగా నేల మీద ఒక గీత గీసింది.

"అత్తా, నువ్వూ నీ రాట్నమూ ఈ గీతకి ఇవతలే ఉండాలి."

చెంచురామయ్య పకపకా నవ్వాడు. "గీత గీస్తే షట్టరు భయపడి ఆగుతుందా?"

"షట్టరు కోసం కాదయ్యా, మన కోసం."

షట్టరు బిగించిన నాలుగో రోజున ఆదెమ్మకి చుట్టడానికి నల్ల నూలు వచ్చింది. నల్ల పోగు ముసలి కళ్లకి ఎక్కడ కనపడుతుంది? రాట్నం కొంచెం కొంచెంగా జరుపుకుంటూ, తనూ జరుగుతూ సరిగ్గా షట్టరు కిందికి చేరింది. చెంచురామయ్య పక్కనే కారు తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి సముద్రం వైపు నుంచి గాలి లేచింది. షట్టరు రేకులు గలగలమన్నాయి.

వంటింట్లోంచి కోటిరత్నం పరుగెత్తుకొచ్చింది. "అత్తా! లే, లోపలికి రా!"

"ఈ ఒక్క కండె అవనీవే, కోటీ."

"కూర్చోనీవే, నేనున్నాగా," అన్నాడు చెంచురామయ్య.

కోటిరత్నం ఇద్దరి మాటా వినలేదు. అత్తగారి రెండు చంకల కిందా చేతులు వేసి, పీటతో సహా లోపలికి లాగేసింది. "నా రాట్నం! నా రాట్నం!" అని ఆదెమ్మ కేకలు వేస్తూనే ఉంది. రేకు ఒక్కసారి పొట్టలా ఉబ్బింది. ఎడమ అంచు గాడిలోంచి ఊడింది. షట్టరు ఒక పక్కకి ఒరిగి దభీమని కిందపడింది.

దుమ్ము తగ్గాక చూస్తే రాట్నం చక్రం నాలుగు ముక్కలై ఉంది.

చెంచురామయ్య చేతిలో తడిగుడ్డ పారేశాడు. అతను వెళ్లి తల్లి భుజాలు, తల, చేతులు తడిమి చూశాడు. ఆదెమ్మ అతని చెయ్యి విదిలించుకుని, "నన్నేం చూస్తావురా? వంద రూపాయల చీరకి కూడా రెండుసార్లు కొలత పెడతావు. అమ్మ కూర్చునే చోటుకి పెట్టలేకపోయావా?" అంది.

అతను చెప్పులు కూడా వేసుకోకుండా ఖాసిం కొట్టుకి నడిచాడు.

"ఖాసిమూ, టేపు తీసుకుని రా. ఎలా కొలవాలో నాకూ నేర్పు."

ఖాసిం దెప్పలేదు. వచ్చి గుమ్మం వెడల్పు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచాడు.

"మూడు చోట్ల ఎందుకు?" అని అడిగాడు చెంచురామయ్య. పుట్టి బుద్ధెరిగాక అతను తెలుసుకోవాలని ఇంకొకరిని అడిగిన మొదటి ప్రశ్న అది.

"గోడ మన కంటికి తిన్నగానే కనపడుతుందండీ. టేపు పెడితేనే దాని వంకర తెలుస్తుంది."

"మరి ఈ స్ప్రింగు ఎన్నాళ్లు ఉంటుంది? వేళ్లు ఎక్కడ పెట్టకూడదు? ఎత్తేటప్పుడు ఎక్కడ నిలబడాలి?"

ఖాసిం ఒక్కొక్కటే చెప్పాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ ఆ గుమ్మం దగ్గరే ఉన్నారు.

నీతి: తెలియనిది అడిగితే పోయేది కాస్త నామోషీ, అడగకపోతే పోయేది ప్రాణం కావచ్చు. అందుకే ఏ వస్తువునైనా సరిగ్గా కొలిచి, దాని గుణం తెలుసుకున్నాకే వాడాలి.